గొల్లభామ, పెద్ద నీటిపురుగు: వేటలో ఈ రెండింటికీ పోలిక ఎంతవరకు?

కాజీపేట_టీచర్
సభ్యులకు నమస్కారం. వానలు మొదలైనప్పటి నుంచి మా ఎనిమిదో తరగతి పిల్లలు రకరకాల పురుగులను సీసాల్లో పెట్టి తెస్తున్నారు. వాటిలో రెండింటి గురించి ఇక్కడ అడగాలనుకుంటున్నాను. ఒకటి బీరపాదు మీద దొరికిన ఆకుపచ్చ గొల్లభామ. మరొకటి మత్తడి దిగువన నిలిచిన నీళ్లలో దొరికిన నీటిపురుగు. బల్లపరుపుగా, ఎండుటాకు రంగులో, పిల్లల అరచేతిని దాదాపు నింపేంత ఉంది. రెండూ ఇతర జీవులను పట్టి తినేవే, రెండింటి ముందు కాళ్లూ మడతకత్తిలా ముడుచుకొనే ఉంటాయి. అందువల్ల ఇవి ఒకే జాతివని పిల్లలు పట్టుబడుతున్నారు. "కావు" అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, నేల మీద వేటాడే పురుగుకూ నీటిలో వేటాడే పురుగుకూ పోలిక ఎక్కడి దాకా నిలుస్తుందో, ఎక్కడ తెగిపోతుందో వివరంగా చెప్పాలని ఉంది. తెలిసినవారు రాయగలరు.

కీటకప్రియ
టీచర్ గారూ, మీ పిల్లలు చూడవలసిన చోటే చూశారు. గొల్లభామకు దగ్గరి చుట్టాలు బొద్దింకలు, చెదపురుగులు. పెద్ద నీటిపురుగు హెమిప్టెరా క్రమానికి చెందినది. మంచంలోని నల్లి, పత్తి మీది పచ్చదోమ, పేనుబంక దాని బంధువర్గం. మన చెరువుల్లో కనిపించే పెద్ద రకం పేరు లెథోసెరస్ ఇండికస్, అది 6 నుంచి 8 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. ఈ రెండు వంశాలూ ఎప్పుడో విడిపోయాయి. మడతపడే కాలు రెండింటిలోనూ విడివిడిగానే ఏర్పడింది. అల్లిక రెక్కల పురుగుల బంధువైన మాంటిస్పిడ్‌లోనూ ఇదే రకం కాలు మళ్లీ కనిపిస్తుంది. కదలకుండా పొంచి ఉండి, దగ్గరకు వచ్చినదాన్ని పట్టుకోవలసిన పురుగుకు ఈ అమరిక అంతగా పనికివస్తుందన్నమాట.

అయితే భూతద్దం పెట్టి చూస్తే ఆ కాళ్లు కూడా ఒకటి కావు. గొల్లభామలో తుంటి భాగం బాగా సాగి ఉంటుంది. చాలా పురుగుల్లో పొట్టిగా ఒంటికి అతుక్కొని ఉండే ఆ భాగమే ఇక్కడ అదనపు మోచేయిగా పనిచేస్తుంది కాబట్టి, కాలు తన ఒంటికి చాలా ముందుకు చాచగలదు. తొడ మీదా పిక్క మీదా ఎదురెదురుగా ముళ్ల వరసలుంటాయి. ముడిచినప్పుడు అవి ఒకదానిలోకి ఒకటి దిగి, చిక్కిన మిడతను కదలనివ్వవు. నీటిపురుగులో తుంటి పొట్టిది. తొడ మాత్రం కండపట్టి లావుగా ఉంటుంది, పిక్క దాని మీదికి బిగుసుకొంటుంది. నీరు గాలి కన్నా సుమారు 800 రెట్లు సాంద్రమైనది. పొడవాటి సన్నని చేతిని నీటిలో సెకనులో పదో వంతు కన్నా తక్కువ కాలంలో విసరడం, గొల్లభామ గాలిలో విసిరినట్టు, సాధ్యమయ్యే పని కాదు. అందుకే నీటిపురుగు కాలిలో చాపు తక్కువ, బిగువు ఎక్కువ.

పసుపుచేను
మాది నర్సంపేట వైపు. గొల్లభామ వేట నేను మా పసుపు చేనులో చాలాసార్లు నిలబడి చూశాను కాబట్టి, చూసినంత మేరకు రాస్తాను.

అది ఆకు అంచున తల కిందకు వేలాడేసి, ముందు కాళ్లు ముడిచి ఉంటుంది. గాలికి ఆకు ఊగితే అదీ అదే తీరుగా ఊగుతుంది; గాలి ఆగినా కాసేపు తనంతట తాను ఊగుతూనే ఉంటుంది. పక్క ఆకు మీద చిన్న మిడత వాలినప్పుడు ఒళ్లు కదలకుండా తల మాత్రమే అటు తిప్పింది. తరువాత ఒక్కో కాలే, ఎంతో నిదానంగా, ముందుకు జరిపింది. పట్టిన క్షణం మాత్రం నా కంటికి అందలేదు. చూసేసరికి మిడత దాని చేతుల్లో ఉంది. మిడత బతికి ఉండగానే మెడ దగ్గర కొరకడం మొదలుపెట్టింది, వెనుక కాళ్లు తన్నుకుంటూనే ఉన్నాయి. రెక్కలు, కాళ్ల ముక్కలు కింద రాలిపోయాయి. అంతా అయిన తరువాత ముందు కాలును నోటి దగ్గరకు తెచ్చి, ముళ్ల మధ్య ఇరుక్కున్న తుంపులను ఒక్కో ముల్లూ నాకి శుభ్రం చేసుకుంది. తిన్నంతసేపు కన్నా ఆ శుభ్రానికి ఎక్కువ సమయం తీసుకున్నట్టు నాకు అనిపించింది.

మత్తడికింద
ములుగు వైపు చెరువులో చేపల పని మాది, మత్స్య సహకార సంఘంలో ఉన్నాను. పసుపుచేను అన్న రాసిన వేటకూ నీటిపురుగు వేటకూ నాకు కనిపించిన మొదటి తేడా శబ్దంలోనే ఉంది. గొల్లభామ తింటుంటే చెవి దగ్గర పెడితే నమిలే చప్పుడు వినిపిస్తుంది. నీటిపురుగు తినేటప్పుడు ఏ చప్పుడూ ఉండదు.

వల నుంచి తీసిన ఒక నీటిపురుగును నాచు ఉన్న తొట్టిలో వేసి, కప్పపిల్లలను వదిలాం. అది తుంగ కాడను నడిమి కాళ్లతో, వెనుక కాళ్లతో పట్టుకొని, తల కిందకూ తోక కొసను నీటి పైతలానికి తగిలేటట్టూ పెట్టుకొని నిలిచింది. కప్పపిల్ల తగిలేంత దగ్గరకు వచ్చే దాకా కదలలేదు. పట్టిన వెంటనే పొట్టి ముక్కును దాని పక్కలోకి దించింది. కప్పపిల్ల కొద్దిసేపు కొట్టుకొని ఆగిపోయింది. ఆ తరువాత చాలాసేపటికి దాని ఒళ్లు లోపలి నుంచి తగ్గుతూ వచ్చింది. చివరికి తోలు సంచి ఒక్కటే తేలింది. చేపపిల్లలను పట్టినప్పుడూ ఇంతే. వలలో ఒళ్లు చెడని చేపపిల్ల, లోపల మాత్రం ఏమీ లేకుండా దొరికితే, అది నీటిపురుగు పనేనని మా పెద్దవాళ్లు చూడగానే చెబుతారు.

కీటకప్రియ
మత్తడికింద అన్న రాసినదే నా దృష్టిలో అసలు తేడా. కాళ్ల పోలిక కంటికి ముందు కనిపిస్తుంది గాని, నోటి దగ్గర ఈ రెండు పురుగులూ పూర్తిగా వేరు. గొల్లభామకు కొరికి నమిలే దవడలున్నాయి, విషం లేదు. అందువల్ల ఎరను చేతులతోనే లొంగదీయాలి. నమిలి మింగగలిగినంతే దాని వాటా. నీటిపురుగుకు దవడలు లేవు, సూదిలాంటి ముక్కు ఉంది. దాని ద్వారా పంపే లాలాజలం ఎరను స్తంభింపజేసి, లోపలి కండను కరిగిస్తుంది. జీర్ణక్రియలో మొదటి భాగం ఎర ఒంట్లోనే జరిగిపోతుంది. కరిగిన దాన్ని పీల్చుకోవడమే మిగిలిన పని. తన కన్నా పెద్దవైన చేపలను, కప్పలను, చిన్న పాములను కూడా ఈ కుటుంబపు పురుగులు తినగలగడానికి కారణం ఇదే. జపాన్‌లోని పెద్ద నీటిపురుగు తాబేలు పిల్లను పీల్చడాన్ని కూడా అక్కడి పరిశోధకులు నమోదు చేశారు.

టీచర్ గారూ, ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ పురుగును పిల్లలు చేతితో పట్టుకోకూడదు. అది కదలకుండా చచ్చినట్టు పడి ఉంటుంది, చచ్చిందనుకొని తీస్తే పొడుస్తుంది. ప్రాణం మీదికి రాదు గాని నొప్పి తీవ్రంగా ఉంటుంది, వాపు వస్తుంది. పొడిస్తే సబ్బునీటితో కడిగి వైద్యుడికి చూపించాలి. గొల్లభామ కరిచినా ముళ్లు గీసుకున్నంత బాధే.

ఓరుగల్లు_కుర్రాడు
అందరూ ఇంత వివరంగా రాస్తున్నారు గాని, నాకున్న సందేహం చిన్నది. రెండింటినీ ఒక గాజు జాడీలో వేస్తే ఏది గెలుస్తుంది? ఇలాంటి వీడియోలు చాలా ఉన్నాయి, కానీ ఈ రెండింటి మధ్య పోరు ఎక్కడా కనిపించలేదు.

మత్తడికింద
తమ్ముడూ, జాడీలో నీళ్లు పోశావా లేదా అన్నదే ఫలితాన్ని తేలుస్తుంది. నీళ్లుంటే గొల్లభామ మునిగిపోతుంది. నీళ్లు లేకపోతే నీటిపురుగు ఈత కాళ్లతో బోర్లా పాకుతూ తడబడుతుంది.

కీటకప్రియ
దానికి తోడు, జాడీలో రెండు పురుగులూ వేటాడవు, పారిపోవడానికే చూస్తాయి. పొంచి ఉండటమే వీటి విద్య. పొంచడానికి ఆకు గాని కాడ గాని లేని చోట వాటి బలాన్ని కొలవడం కుదరదు. దయచేసి ఎవరూ అలాంటి ప్రయోగం చేయవద్దు. రెండింటి సత్తా పోల్చాలంటే వేరే దారి ఉంది: ఏది తన ఎరను ఎలా కనిపెడుతుందో చూడాలి.

గొల్లభామ చూపు మీద ఆధారపడే పగటి వేటగాడు. దానికి రెండు పెద్ద కళ్లు, నుదుటి మీద మూడు చిన్న కళ్లు ఉంటాయి. రెండు పెద్ద కళ్ల చూపును కలిపి దూరం లెక్కగట్టగలదని 1983లో శామ్యూల్ రోసెల్ నిరూపించాడు; పురుగుల్లో ఆ శక్తి రుజువు కావడం అదే మొదలు. తరువాత బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో గొల్లభామల కళ్లకు చిన్న త్రీడీ అద్దాలను మైనంతో అతికించి, తెర మీద లేని పురుగును ఉన్నట్టు చూపించారు. అవి ఆ ఉత్తి గాలిలోకే చేతులు విసిరాయి. మన త్రీడీ చూపు నిలకడగా ఉన్న బొమ్మ మీద కూడా పనిచేస్తుంది, వాటిది ముఖ్యంగా కదిలే దాని మీదనే పనిచేస్తుందని 2018లో అదే బృందం తేల్చింది. మిడత కదలకుండా ఉండిపోతే ఎందుకు బతికిపోతుందో దీనితో కొంత అర్థమవుతుంది.

నీటిపురుగుకూ పెద్ద కళ్లే ఉన్నాయి. అయితే అది ఎక్కువగా రాత్రి వేటాడుతుంది, మన చెరువుల నీళ్లు వానాకాలంలో ఎర్రమట్టి కలిసి ఉంటాయి. అక్కడ చూపు కన్నా నీటి కదలికే నమ్మకమైన కబురు.

కాజీపేట_టీచర్
చాలా ఉపయోగకరంగా ఉంది మేడం. ఇంకొక్క విషయం. రెండూ గాలినే పీల్చుకుంటాయి కదా, మరి నీటిపురుగు అంతసేపు మునిగి ఎలా ఉంటుంది? పిల్లలు దీన్ని తప్పకుండా అడుగుతారు.

మత్తడికింద
మేడం శాస్త్రం చెబుతారు, నేను పనిలో తెలిసింది రాస్తాను. దాని తోక కొసన రెండు చిన్న పట్టీల వంటివి ఉంటాయి. వాటిని నీటి పైకి పెట్టి గాలి తీసుకొని, రెక్కల కింద దాచుకుంటుంది. మా వృత్తి దీని మీదే ఆధారపడి ఉందని చెప్పవచ్చు. చేపపిల్లలను పెంచే నర్సరీ చెరువులో స్పాన్ దశ, అంటే గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన, చేపపిల్లలను వదలడానికి 12 నుంచి 24 గంటల ముందు సబ్బు, నూనె కలిపిన ద్రవాన్ని నీటి మీద చల్లుతాం. శాస్త్రవేత్తలు చెప్పిన మోతాదు హెక్టారుకు 56 కిలోల నూనె, 18 కిలోల సబ్బు. నీటి మీద నూనె పొర పరుచుకోగానే పైకి వచ్చి గాలి పీల్చే పురుగులన్నీ ఊపిరాడక చస్తాయి: పెద్ద నీటిపురుగు, నీటి తేలు, నీటి పెంకుపురుగులు. గాలి లేని రోజు చూసి చల్లాలి, లేకపోతే పొర ఒక గట్టుకు చేరి పని చెడుతుంది. ఎండు పొరకా కట్టిన తాడును ఇద్దరు రెండు గట్ల మీద నుంచి లాగి, పొరను అంతటా సర్దుతాం.

తూనీగ పిల్లలు మాత్రం ఈ మందుకు లొంగవు. అవి నీటిలోని ప్రాణవాయువునే మొప్పలతో తీసుకుంటాయి కాబట్టి వాటిని సన్నకన్ను వలతోనే తీసివేయాలి. గొల్లభామను చంపడానికి ఇంత యుక్తి ఎవరికీ అవసరం పడి ఉండదు.

పసుపుచేను
దాన్ని చంపవలసిన అవసరమే లేదన్నా, అది రైతుకు మిత్ర పురుగు.

కీటకప్రియ
ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. గొల్లభామ ఎదురుగా కదిలిన దాన్నల్లా తింటుంది. అందులో మిడత ఉంటుంది, తేనెటీగ ఉంటుంది, తోటి గొల్లభామ కూడా ఉంటుంది. మన వరంగల్ రైతును నిజంగా ముంచినవి ఏవి? పత్తిలో గులాబీ రంగు పురుగు కాయ లోపలే బతుకుతుంది, గొల్లభామ చేయి అక్కడికి చేరదు. మిరపలో 2021 పంటకాలంలో విరుచుకుపడిన నల్ల తామర పురుగు మిల్లీమీటరు స్థాయి జీవి, పెద్ద గొల్లభామ దానివైపు తల కూడా తిప్పదు. నెమ్మదిగా తరాలు మారే వేటగాడు, వారాల్లో తరాలు మారే చీడను అదుపు చేయలేదు. అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా చేసే మేలుతో దీన్ని సమానం చేయలేం. చేనులో ఉండనివ్వండి, హాని లేదు. దాని మీద భరోసా పెట్టుకోవద్దు.

నీటిపురుగుల విషయంలో దీనికి ఎదురు కథ ఉంది. చేపల రైతుకు పెద్దది శత్రువే. కానీ అదే కుటుంబంలో డిప్లోనైకస్ అనే, 2 సెంటీమీటర్లకు లోపు ఉండే చిన్న రకం, దోమ పిల్లలను, నత్తలను పెద్ద సంఖ్యలో తింటుంది. దోమల అదుపుకు దాన్ని వాడటంపై మన దేశంలోనూ పరిశోధనలు జరిగాయి. పేరుకు శత్రువుల ఇంట్లో పుట్టినా ఊరికి చేసే మేలు గొల్లభామ కన్నా ఎక్కువ కావచ్చు.

పసుపుచేను
మేడం చెప్పింది కాదనలేను. అయినా మందు కొట్టని చేనులోనే గొల్లభామలు ఎక్కువ కనిపిస్తాయి. కాబట్టి చేను ఆరోగ్యంగా ఉందనడానికి నేను దాన్ని గుర్తుగా చూస్తాను. ఆ మేరకు నా అభిమానం మారదు.

హన్మకొండ_కెమెరా
వడ్డేపల్లి చెరువు వైపు పొద్దున పూట ఫొటోలు తీసే అలవాటు నాకుంది. ఆ చిన్న రకం వీపు మీద గుడ్లు మోస్తుండగా తీసిన చిత్రాలు నా దగ్గర ఉన్నాయి. వీపంతా గుడ్లు నిలువుగా, వరసలుగా, ఖాళీ లేకుండా అతికి ఉన్నాయి. నీటి పైతలానికి వచ్చి ఒళ్లు పైకీ కిందకీ ఊపుతూ ఉంది. తల్లి ఎంత ఓపికగా మోస్తోందో అనుకున్నాను.

కీటకప్రియ
అది తల్లి కాదు, తండ్రి. మొదట్లో శాస్త్రజ్ఞులు కూడా తల్లే మోస్తుందని రాశారు. మోసేది మగదేనని 1899లో ఫ్లోరెన్స్ స్లేటర్ సరిదిద్దింది. ఆడది మగదాని వీపు మీద గుడ్లను జిగురుతో అతికించి వెళ్లిపోతుంది. గుడ్లకు తడి కావాలి, గాలీ కావాలి. అందుకే తండ్రి వాటిని పైకీ కిందకీ ఆడిస్తాడు. కొన్ని గుడ్లు పెట్టించుకోగానే మళ్లీ జతకట్టి, ఆ తరువాతే మరికొన్ని పెట్టనిస్తాడని, తాను మోసేవి తన పిల్లలే అని చూసుకోవడానికే అలా చేస్తాడని అమెరికాలో రాబర్ట్ స్మిత్ 1979లో చూపించాడు.

టీచర్ గారు చూపించిన పెద్ద రకంలో పద్ధతి వేరు. ఆడది నీటికి పైన తుంగ కాడ మీద గుత్తిగా గుడ్లు పెడుతుంది. మగది రాత్రిళ్లు కాడెక్కి, ఒంటి మీది నీటితో గుడ్లను తడుపుతుంది, చీమల నుంచి కాపాడుతుంది. జపాన్ రకంలో మరో ఆడది వచ్చి ఆ గుడ్లను ధ్వంసం చేసి, కాపలా మగదానితో తాను జతకట్టడం కూడా నమోదైంది.

ఇప్పుడు గొల్లభామను చూడండి. ఆడది నురగలాంటి పదార్థంలో గుడ్లు పెడుతుంది. అది గట్టిపడి, కొమ్మకు అతికిన గోధుమ రంగు గూడవుతుంది. మన దగ్గర కనిపించే చాలా రకాల్లో ఆ తరువాత తల్లి గాని తండ్రి గాని అటు తిరిగి చూడరు. తండ్రి పరిస్థితి మరీ దయనీయం; జతకట్టే సమయంలోనే ఆడది తినేసే ప్రమాదం ఉంది, ఆకలిగా ఉన్న ఆడదైతే మరీను. పిల్లలకు చెప్పడానికి కాళ్ల పోలిక కన్నా ఈ తేడాయే బాగుంటుందని నా అభిప్రాయం.

పసుపుచేను
ఒక సంగతి చాలాకాలంగా అడగాలనుకుంటున్నాను. మా బోరు దగ్గరి నీటి తొట్టిలో గొల్లభామ తనంతట తాను వచ్చి పడటం చూశాను. కాసేపటికి దాని కడుపు కొసలోంచి నల్లటి దారం వంటిది మెలికలు తిరుగుతూ బయటికి వచ్చింది, పురుగు కన్నా ఎన్నో రెట్లు పొడవుంది. నీళ్లంటేనే గిట్టని పురుగు నీళ్లలోకి ఎందుకు వస్తుంది?

కీటకప్రియ
అన్నా, మీరు చూసింది వెంట్రుక పురుగు. ఈ చర్చలోని రెండు లోకాలనూ కలిపే జీవి అదొక్కటే అనుకుంటాను. అది పెద్దయ్యాక నీటిలోనే గుడ్లు పెట్టాలి. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల, నీటిలో పెరిగే చిన్న పురుగుల ఒంట్లో చేరుతుంది. ఆ పురుగులు రెక్కలొచ్చి గట్టు మీదికి ఎగిరినప్పుడు గొల్లభామ వాటిని తింటుంది. అలా దాని కడుపులో చేరి పెరుగుతుంది. పెరిగాక మళ్లీ నీటికి చేరాలి కాబట్టి గొల్లభామ నడవడికనే మార్చివేస్తుంది. నీటి తలం మీద మెరిసే ఒక రకం కాంతి వైపు, అంటే అడ్డంగా ధ్రువణం చెందిన కాంతి వైపు, ఈ సోకిన గొల్లభామలు ఆకర్షితమవుతాయని జపాన్ పరిశోధకులు 2021లో చూపించారు. ఆ వెంట్రుక పురుగులో గొల్లభామ నుంచి వచ్చినవిగా తోచే జన్యువులు 1,400కు పైగా ఉన్నాయని 2023లో మరో పరిశోధన వెలువడింది. నీటిలో పడిన గొల్లభామ తరువాత చేపకో, నీటిపురుగుకో ఆహారమవుతుంది. మన తమ్ముడు జాడీలో చూడాలనుకున్న పోరు ప్రకృతిలో ఎప్పుడైనా జరిగితే, బహుశా ఈ రూపంలోనే జరుగుతుంది, ఫలితం కూడా ముందే తేలిపోయి ఉంటుంది.

ఓరుగల్లు_కుర్రాడు
ఇది వీడియో కన్నా భయంకరంగా ఉంది మేడం.

హన్మకొండ_కెమెరా
దీపాల గురించి ఎవరూ రాయలేదు. వానాకాలపు రాత్రుల్లో చెరువు కట్ట మీది వీధిదీపాల కింద పెద్ద నీటిపురుగులు పడి ఉంటాయి, పొద్దునకు బండ్ల కింద నలిగి ఉంటాయి. అదే దీపపు స్తంభం మీద గొల్లభామలు కూడా కనిపిస్తాయి. అవి మాత్రం అక్కడికి చేరిన పురుగులను తింటూ హాయిగా ఉంటాయి.

కీటకప్రియ
నీటిపురుగు మంచి ఎగిరే పురుగే. ఒక కుంట ఎండితే మరో కుంటకు రాత్రిపూట ఎగిరి వెళుతుంది, దారిలో దీపం దాన్ని తప్పుదోవ పట్టిస్తుంది. రాత్రి ఎగిరే గొల్లభామకు దీపం కన్నా గబ్బిలాలతో ప్రమాదం ఎక్కువ. దానికి ఛాతీ కింద, వెనుక కాళ్ల మధ్య ఒకే ఒక్క చెవి ఉందని, అది గబ్బిలం చేసే అతిధ్వనులను వింటుందని 1986లో యేగర్, హాయ్ అనే ఇద్దరు ప్రకటించారు. ఆ ధ్వని వినగానే ఎగురుతున్న గొల్లభామ ఒక్కసారిగా నేల వైపు దూకుతుంది. జపాన్‌లో పెద్ద నీటిపురుగు ఇప్పుడు అరుదైపోయింది. వరి మడుల్లో మందులు, దీపాలు, తగ్గిన కుంటలు కారణాలుగా చెబుతారు. 2020 నుంచి అక్కడ దాని అమ్మకాన్ని నిషేధించారు. థాయ్‌లాండ్‌లో మాత్రం దాన్ని దంచి కారంలో కలుపుకొని తింటారు, మన మణిపూర్‌లోనూ తింటారు.

మత్తడికింద
కెమెరా అన్న రాసిన మాటతో మాకొక సంగతి తెలిసింది. మా నర్సరీ చెరువు గట్టు మీద దొంగల భయంతో పెద్ద సోలార్ దీపం పెట్టుకున్నాం. సబ్బు, నూనె చల్లి పురుగులన్నిటినీ తీసిన వారానికే మళ్లీ పెద్ద నీటిపురుగులు ఎక్కడి నుంచి వస్తున్నాయో అంతుపట్టలేదు; చేపపిల్లలు చెరువులో ఉండగా రెండోసారి చల్లలేం కదా. దీపాన్ని గట్టు నుంచి తీసి, కాపలా గుడిసెకు అవతల, నీటి వైపు వెలుగు పడకుండా రేకు అడ్డం పెట్టి బిగించాలని సంఘంలో చెబుతాను. గట్టు వెంట తుంగను కూడా కోసేస్తే గుడ్లు పెట్టడానికి కాడ దొరకదు. మేడం, ఇంకేమైనా చేయవలసింది ఉందా?

కీటకప్రియ
ఈ రెండూ చాలు అన్నా. అయితే తుంగను నర్సరీ వరకే కోయండి, పెద్ద చెరువు శిఖం వైపు ముట్టుకోవద్దు. అక్కడ మీ చేపలు వేలెడు దాటి ఉంటాయి, నీటిపురుగుకు భయపడే దశ దాటిపోయి ఉంటాయి.